మన ఊరి వరద మీద డాక్యుమెంటరీ తీయాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత తుఫానుల మీద, పెన్నా వరదల మీద చిన్న సినిమా తీయాలని మన రెండు జిల్లాల్లో కాలేజీ పిల్లలు, టీచర్లు, రిటైరైన ఉద్యోగులు చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లు మారుతున్నా సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీ పని ఏ దశలో ఉందో చూసుకుని, ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

గాలి ఎంత వేగంతో వీచిందో, నదికి ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో రికార్డుల్లో ఉంటుంది. నీళ్లొచ్చే చోట ఎవరు కాపురం ఉన్నారు, ఎందుకు అక్కడే ఉండాల్సి వచ్చింది, పోయినవాళ్ల పేర్లేమిటి అన్నది ఊళ్లో పెద్దవాళ్ల నోట్లోనే ఉంది. వాళ్లు ఉండగానే అది రికార్డు కావాలన్నదే నా తాపత్రయం. కింది జవాబులన్నీ ఆ పట్టుదలతోనే రాశాను.

## మొదలుపెట్టే ముందు

1977 దివిసీమ ఉప్పెన తప్ప మన దగ్గర సినిమా తీయదగ్గ విపత్తులు ఏమున్నాయి?

చాలా ఉన్నాయి. 1927 నవంబరు మొదట్లో నెల్లూరును పెద్ద తుఫాను కొట్టింది. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర ఇంకొకటి తీరం దాటింది. 1989 నవంబరు 8 రాత్రి వచ్చినదాన్ని ఇప్పటికీ కావలి తుఫాను అనే అంటారు. 2004 డిసెంబరు 26న సునామీ మన పాలేలన్నిటినీ తాకింది. 2021 నవంబరులో పెన్నా పొంగింది. నన్నడిగితే 1984, 1989లలో ఒకటి ఎంచుకోండి. అప్పుడు ముప్ఫై ఏళ్ల వయసున్న మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. 2021 నాటి వాళ్లను ఇంకో పదేళ్ల తర్వాతైనా అడగవచ్చు, వీళ్లను అడగలేం.

మాది చీరాల వైపు. దివిసీమ కృష్ణా జిల్లాలో ఉంది కదా, 1977 మీద మేం తీయొచ్చా?

తప్పకుండా తీయొచ్చు. ఆ తుఫాను 1977 నవంబరు 19న చీరాల, నిజాంపట్నం ప్రాంతంలోనే తీరం దాటింది. వాతావరణ శాఖ వాళ్లు దాన్ని చీరాల తుఫాను అని కూడా రాస్తారు. మరి ప్రాణనష్టం దివిసీమలో అంత ఎక్కువ ఎందుకైంది? మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. అందువల్ల తుఫాను కన్ను దాటిన చోటుకి కుడి పక్కన, అంటే మన తీరంలో ఉత్తరం వైపు, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమ పక్కన నేల నుంచి సముద్రంలోకి పోతుంది. నీళ్లను ఒడ్డుకు తోసిన గాలి దివిసీమ పాలైంది. ఒకే తుఫాను పక్కపక్కనున్న రెండు తీరాలకు రెండు రకాలుగా ఎలా వచ్చిందో చూపించే అవకాశం చీరాల వాళ్లకే ఉంది.

ఉప్పెన, వరద, సునామీ అన్నీ నీళ్లే కదా. విడివిడిగా చెప్పాలా?

చెప్పాలి, ఎందుకంటే మూడింటిలో మనిషికి దొరికే టైము వేరు. ఉప్పెనలో తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి ఆ నీళ్లు పైకి లేచి ఊళ్ల మీద పడతాయి. దివిసీమలో 5 మీటర్ల ఎత్తున వచ్చింది అలాగే. సునామీకి గాలితో పని లేదు, సముద్రం అడుగున భూమి కదలడం వల్ల వస్తుంది. 2004లో వచ్చిన రోజు ఆకాశం తేటగానే ఉంది. పెన్నా వరద పైనుంచి వస్తుంది. కడప జిల్లాలో వాన పడితే చాలు, నెల్లూరులో చినుకు లేకపోయినా ఏరు నిండిపోతుంది. మీ సినిమాలో జనం ఎందుకు తప్పించుకోలేకపోయారో చెప్పాలంటే ముందు ఈ తేడా చూసేవాళ్లకి తెలియాలి.

కావలి తుఫాను థాయ్‌లాండ్ నుంచి వచ్చిందంటున్నారు. నిజమేనా?

నిజమే. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టింది. 1989 నవంబరు 3న అక్కడ సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ నౌకను ముంచింది, అందులో 91 మంది చనిపోయారు. మర్నాడు థాయ్‌లాండ్ సన్నటి భూభాగాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చి మళ్లీ బలం పుంజుకుంది. కావలి దగ్గర తీరం దాటేటప్పుడు గాలి గంటకు 235 కిలోమీటర్ల వేగంతో వీచిందని మన వాతావరణ శాఖ అంచనా. దీనికి గే అనే పేరు అటు నుంచే వచ్చింది. మన సముద్రంలో తుఫానులకు పేర్లు పెట్టడం 2004 నుంచే మొదలైంది కాబట్టి 1977, 1984 తుఫానులకు ఊరి పేరే పేరు. ఐదు రోజుల పాటు సముద్రం మీద నడిచి వచ్చిన తుఫాను గురించి రామాయపట్నంలో, తుమ్మలపెంటలో ఎవరికి ఎప్పుడు తెలిసింది? సినిమా మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడపొచ్చు.

2021 పెన్నా వరద మొన్నటిదే కదా, దాన్ని చరిత్ర అనొచ్చా?

అనొచ్చు. కాకపోతే నెల్లూరులో మొదలుపెట్టకండి. ఆ కథ పెన్నాలో కలిసే చెయ్యేరు మీద మొదలవుతుంది. పైన పింఛా ప్రాజెక్టు నుంచి, అడవుల నుంచి వచ్చిన నీళ్లకు 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట వైపు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ నీళ్లే పెన్నాలో కలిసి సోమశిల జలాశయానికి చేరాయి. అక్కడి నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. నెల్లూరులో వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. రాజంపేట మనిషీ నెల్లూరు మనిషీ ఒకే సినిమాలో ఉండాలి. వాళ్లను ముంచింది ఒకే నీళ్లు.

ఫోన్‌తో తీస్తే డాక్యుమెంటరీ అంటారా?

అంటారు. ఉన్న డబ్బు కెమెరా మీద పెట్టకండి. మంచి మైకు, ఒక స్టాండు, రెండు హార్డ్ డిస్కులు కొనండి.

## పాత కాగితాలు, ఫొటోలు

పాత పేపర్లు ఎక్కడ దొరుకుతాయి? హైదరాబాద్ వెళ్లాలా?

ముందు వేటపాలెం వెళ్లండి. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు ఎన్నో దాచి ఉంచారు. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. నెల్లూరు నుంచి వచ్చిన జమీన్ రైతు వారపత్రిక పాత సంచికలు కనబడితే అస్సలు వదలకండి. పెద్ద పేపర్లు తుఫానును రెండు మూడు రోజులు రాసి వదిలేస్తాయి. స్థానిక పత్రిక మాత్రం బియ్యం ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్నది వారాల తరబడి రాస్తుంది. 1953కి ముందు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి 1927 తుఫాను లాంటి వాటి సర్కారు కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. ఇంకా పాతకాలం పెన్నా వరదల గురించి, చెరువుల గురించి కావాలంటే 1873లో అచ్చయిన నెల్లూరు జిల్లా మాన్యువల్ ఉంది. దాన్ని చదివేటప్పుడు అది కలెక్టరు కచేరీ నుంచి చూసిన చూపు అని గుర్తుంచుకోండి.

మా ఊరి పేరుతో వెతికితే ఏ రికార్డూ దొరకడం లేదు. ఏం చేయాలి?

జిల్లా మారి ఉంటుంది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, మొదట ఒంగోలు జిల్లా అన్న పేరుతో. అంతకు ముందు ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లా. కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 2022లో మళ్లీ మార్పులు జరిగి సూళ్లూరుపేట, గూడూరు తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్ల జిల్లాకు పోయాయి. కాబట్టి ఆ విపత్తు జరిగిన నాటికి మీ ఊరు ఏ తాలూకాలో ఉందో ముందు కనుక్కోండి. మండలాలు వచ్చింది 1985లో. 1984 తుఫాను కాగితాల్లో తాలూకా పేరే ఉంటుంది.

'మూసీ వరద' అని వెతికితే అంతా హైదరాబాదే వస్తోంది.

1908 సెప్టెంబరు 28 నాటి హైదరాబాద్ వరద అంత పెద్దది మరి. మన ఒంగోలు దగ్గరి మూసీ వేరే ఏరు. వెతికేటప్పుడు ఏరు పేరుకు బదులు దాని పక్కనున్న ఊరి పేరు, సంవత్సరం కలిపి చూడండి.

నెట్‌లో దొరికిన పాత ఫొటో వాడుకోవచ్చా?

ఇందులో చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఫొటో అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1977లో అచ్చయినదానికి 2037 చివరి దాకా అనుమతి కావాలి. 1927 పేపర్లోదైతే ఆ గొడవ లేదు. రెండోది ఇంకా ముఖ్యం. దివిసీమ అని తిరిగే ఫొటోల్లో వేరే దేశాలవి, వేరే తుఫానులవి చాలా ఉన్నాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారో తేలని ఫొటోని సినిమాలో పెట్టకండి. చచ్చిపోయిన మనిషి బొమ్మను వేరే ఊరి మనిషి అని చూపిస్తే రెండు ఊళ్లకూ అన్యాయం చేసినట్టే. ఊళ్లో ఇళ్ల గోడల మీద పెళ్లి ఫొటోలు అడగండి. వాటిలో వెనకాల కనబడే పూరిల్లు, ఇప్పుడు లేని వీధి మీకు ఎక్కువ పనికొస్తాయి.

సర్కారు లెక్కలు అడిగితే ఇస్తారా?

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. 'తుఫాను వివరాలన్నీ ఇవ్వండి' అని రాస్తే ఏమీ రాదు. ఫలానా తాలూకాలో ఫలానా ఏడాది నష్టపరిహారం పొందిన కుటుంబాల జాబితా, తుఫాను షెల్టర్ కట్టిన తేదీ, ఫలానా తేదీల్లో నది గేజి రీడింగులు అని విడివిడిగా అడగండి. పెన్నా నీటిమట్టాన్ని కేంద్ర జల సంఘం నెల్లూరులో కొలుస్తుంది, వాళ్లకూ ఒక దరఖాస్తు పెట్టండి.

చనిపోయినవాళ్ల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఏది వేయాలి?

ఎవరు చెప్పిన లెక్కో కలిపి వేయండి. దివిసీమకు ప్రభుత్వ లెక్క దాదాపు 10 వేలు, అంతకంటే చాలా ఎక్కువ అనేవాళ్లూ ఉన్నారు. తెర మీద 'ప్రభుత్వ లెక్క ప్రకారం' అన్న మాట తప్పకుండా ఉండాలి. దాంతో ఊరుకోకుండా మీ ఊరి వరకు పేర్ల జాబితా మీరే రాయండి. వీధి వీధి తిరిగి పేరు, వయసు, తండ్రి పేరు రాసుకుంటే సర్కారు జాబితాలో లేని మనుషులు బయటపడతారు. వలస వచ్చిన ఉప్పు కూలీలు, కయ్యల దగ్గర కాపలా ఉన్నవాళ్లు, రేషన్ కార్డు లేనివాళ్లు, నెలల పసిపిల్లలు. ఆ జాబితా ముందు మీ సినిమా కూడా చిన్నదే.

## పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు

మా అవ్వకి సంవత్సరం గుర్తులేదు. 'కార్తీకమాసంలో వచ్చింది' అంటుంది, అంతే.

1977, 1984, 1989, 2021, నాలుగూ కార్తీకంలోనే వచ్చాయి. 2021 నవంబరు 19 అయితే సరిగ్గా కార్తీక పౌర్ణమి. కాబట్టి మాసం అడిగితే తేలదు, రాజకీయం అడగండి. ఇందిరాగాంధీ చనిపోయింది 1984 అక్టోబరు 31న, శ్రీహరికోట తుఫాను వచ్చింది రెండు వారాలకు. 'ఇందిరమ్మ పోయిన కొత్తల్లో' అంటే అదే. కావలి తుఫాను వచ్చేనాటికి ఎన్నికల ప్రచారం జోరుగా ఉంది, అదే నెలలో పోలింగు. 1977 అంటే ఎమర్జెన్సీ ఎత్తేసి ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చిన ఏడాది. ఇంట్లో లెక్కలు ఇంకా బాగా పనికొస్తాయి. పెద్దకొడుకు కడుపులో ఉన్నాడా, పుట్టాడా? అప్పుడు ఏ ఇంట్లో ఉన్నారు, పూరిల్లా మిద్దా? సంవత్సరం దానంతటదే తేలుతుంది.

ఒకే పెద్దాయన రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాడు. అబద్ధమా?

అబద్ధం అనకండి. మనిషి తను చూసింది, పక్కవాళ్లు చెప్పింది, తర్వాత పేపర్లో చదివింది కలిపి గుర్తుపెట్టుకుంటాడు. 'మీరు కళ్లారా చూసిందేమిటి తాతా, తర్వాత విన్నదేమిటి?' అని నెమ్మదిగా అడిగితే చాలామంది వాళ్లే విడదీసి చెబుతారు. నీళ్ల ఎత్తు అడుగుల్లో అడగకండి. ఇంటి ముందుకు తీసుకెళ్లి గోడ మీద చేయి పెట్టి చూపించమనండి, తర్వాత టేపుతో కొలవండి. అదే ఊళ్లో ముగ్గురు వేరువేరుగా చూపించిన ఎత్తు దగ్గరదగ్గరగా ఉంటే అది నమ్మదగ్గ లెక్క. తెర మీద ఆ చేయి చూపించండి.

అడిగేటప్పుడు ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి?

ఆ రోజు పొద్దున ఏం వండారు? ఇది అడిగితే మనిషి నేరుగా ఆ ఇంట్లోకి వెళ్లిపోతుంది. పొయ్యి ఎందుకు ఆరిపోయింది, గాలి ఎటునుంచి మొదలైంది, పశువుల్ని ఎవరు విప్పారు, అన్నీ వరసన వస్తాయి. ఆ తర్వాత ఊళ్లో రేడియో ఎవరింట్లో ఉండేదో అడగండి. ప్రమాద సూచిక సంగతి రేవులో ఉన్నవాళ్లకి తెలుస్తుంది, రేడియో ఉన్న ఇంటికి తెలుస్తుంది. తిప్ప అవతలి పాలేనికి ఎవరు చెప్పారు? ఎవరూ వెళ్లి చెప్పకపోతే, ఎందుకు వెళ్లలేదు? 'ఎలా అనిపించింది' అని మాత్రం అడగవద్దు.

మాట్లాడుతూ ఏడ్చేస్తే కెమెరా ఆపాలా?

ఆపండి. మంచినీళ్లు ఇవ్వండి, పక్కన కూర్చోండి. ఆవిడే మళ్లీ చెబుతానంటే మొదలుపెట్టండి. ముందే 'ఎప్పుడైనా ఆపేయమనొచ్చమ్మా' అని చెప్పి ఉంచాలి. ఏడుపు దొరికిందని సంబరపడే ఎడిటర్లు ఉన్నారు. బిడ్డ చేయి జారిపోయిన తల్లి ముఖాన్ని దగ్గరగా తీసి ట్రైలర్‌లో పెట్టడం నేను ఒప్పుకోను. ఆ మాటలు ఆవిడ గొంతులో వినబడితే చాలు. సాయంత్రం మీరు వెళ్లిపోయాక ఆవిడ రాత్రంతా అదే తలుచుకుంటుంది, కాబట్టి ఇంట్లో ఎవరైనా ఉన్న రోజే వెళ్లండి. మర్నాడు ఫోన్ చేసి పలకరించండి.

యానాదుల కాలనీకి వెళితే ఎవరూ నోరు విప్పడం లేదు.

ఊరి పెద్దను వెంటబెట్టుకుని వెళ్లారా? అదే కారణం కావచ్చు. కాలవ కట్టల మీద, ఏటి పోరంబోకులో, రొయ్యల గుంటల పక్కన కాపురాలు ఉండేది చాలాచోట్ల యానాది కుటుంబాలే. నీళ్లొస్తే మొదట మునిగేదీ వాళ్లే. ఆ గుంట యజమాని ముందు, పట్టా ఇవ్వని ఊరి ముందు వాళ్లు ఏం చెప్పగలరు? ఒంటరిగా వెళ్లండి, కెమెరా లేకుండా వెళ్లండి, వాళ్లు పనికి పోని పూట కనుక్కుని వెళ్లండి. ఏటి వంపులు, చేపల దారులు, నీళ్లు ఎటు మళ్లుతాయో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వాళ్లను దిక్కులేనివాళ్లుగా మాత్రమే చూపిస్తే సగం నిజం దాచినట్టు. వరదలో జనాన్ని మోసుకొచ్చినవాళ్లు ఎవరో కూడా అడగండి.

కులం పేరు సినిమాలో చెప్పాలా? గొడవలవుతాయని టెన్షన్‌గా ఉంది.

ఊళ్లో ఎత్తుగా ఉన్న చోట ఎవరి ఇళ్లు, పల్లంలో ఎవరి ఇళ్లు అన్నది కులంతో ముడిపడిన సంగతే. అది దాచి వరదను చెప్పలేం. ఎవరినీ తిట్టనక్కర్లేదు. ఊరి మ్యాపు మీద వీధుల పేర్లు ఉన్నవి ఉన్నట్టు రాసి, నీళ్లు ఎంత మేరకు వచ్చాయో గీత గీయండి. చెప్పాల్సింది ఆ మ్యాపే చెబుతుంది.

ఆడవాళ్లను అడిగితే పక్కనున్న మగవాళ్లు జవాబు చెబుతున్నారు.

ప్రతి ఊళ్లో ఇదే. ముందు మగవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పాల్సింది పూర్తిగా రికార్డు చేయండి. తర్వాత మీ జట్టులో అమ్మాయిలుంటే వాళ్లు లోపలికి వెళ్లి వంటింటి దగ్గర కూర్చుని మాట్లాడాలి. తడిసిన చీరతో మూడు రోజులు ఎలా గడిచాయో, షెల్టర్లో మరుగుదొడ్డి లేక ఎలా ఇబ్బంది పడ్డారో మగవాళ్ల ముందు ఎవరూ చెప్పరు.

మాట్లాడినందుకు డబ్బులు ఇవ్వాలా?

మాటలకు రేటు కట్టకండి. వాళ్ల పూట కూలి పోతే ఆ కూలి ఇవ్వడం న్యాయం. పరిహారం ఇప్పిస్తామని, ఇల్లు వస్తుందని ఆశ మాత్రం పెట్టకండి.

చదువురాని వాళ్ల దగ్గర అనుమతి ఎలా తీసుకోవాలి?

కాగితం మీద వేలిముద్ర అంటే భయపడతారు, భూమి పోతుందేమో అనుకుంటారు. ఈ సినిమా ఎందుకో, ఎక్కడెక్కడ చూపిస్తారో, యూట్యూబ్‌లో పెడితే ఎవరైనా చూడొచ్చని తెలుగులో చెప్పి, వాళ్లు సరేనన్న మాటను కెమెరాలోనే రికార్డు చేసుకోండి.

## షూటింగ్

సముద్రం దగ్గర తీస్తే మాటలు వినబడటం లేదు.

అక్కడ మాట్లాడించకండి. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, టీవీ ఆపి, కాలర్ మైకుతో మాట రికార్డు చేయండి. సముద్రం ఒడ్డున నడిపించి దృశ్యం విడిగా తీసుకోండి. గాలి, అలలు, సరుగుడు తోట చప్పుడు కూడా విడిగా రెండు నిమిషాల చొప్పున రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో బంగారంలా పనికొస్తాయి.

అప్పటి వీడియో ఏదీ లేదు. నీళ్లను ఎలా చూపించాలి?

వేరే దేశం వరద క్లిప్పులు అతికించవద్దు. నటులతో మళ్లీ నటింపజేయడం కూడా నాకు నచ్చదు, ఎంత ఖర్చు పెట్టినా బతికినవాళ్ల మాట ముందు తేలిపోతుంది. నీళ్లు నడిచిన దారిని చూపించండి. ఉదాహరణకు బకింగ్‌హాం కాలవ. పెదగంజాం నుంచి దక్షిణంగా మన తీరం పొడవునా సముద్రానికి సమాంతరంగా పోతుంది. సముద్రం నీళ్లు లోపలికి వచ్చేటప్పుడు కొంత అందులో పడతాయి, 2004లో చాలాచోట్ల అది ఆసరా అయింది. కానీ కాలవకూ సముద్రానికీ మధ్య ఉన్న పాలేల వాళ్లకు ఊళ్లోకి పారిపోవాలంటే అదే కాలవ అడ్డం. కాలవ ఒడ్డున నిలబడి ఒకావిడ ఈ సంగతి చెబితే చూసేవాళ్లకి నీళ్లు కనబడతాయి. పెన్నా వైపు అయితే పొర్లుకట్టలు, తెగిన చోట వేసిన కొత్త మట్టి, చెరువుల కలుజులు చూపించండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం దేశాన్ని గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా చేశారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా విడిగా అనుమతి అక్కర్లేదు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి తప్పనిసరి. శ్రీహరికోట చుట్టుపక్కల, రేవుల దగ్గర సరదాకి కూడా ప్రయత్నించకండి. ఎక్కడైనా సరే ఎగరేసే రోజు మ్యాపు చూసుకుని, లోకల్ పోలీసులకు ఒక మాట చెప్పండి.

ఇప్పుడు తుఫాను వస్తోంది. వెళ్లి షాట్లు తీసుకుందామా?

వద్దు. ఖాళీ చేయమన్న ఊళ్లోకి మీరు వెళ్తే మిమ్మల్ని తీసుకురావడానికి ఇంకొకరు ప్రాణం పణంగా పెట్టాలి. నీళ్లు తీసిన తర్వాత వెళ్లండి.

## ఎడిటింగ్

క్యూసెక్కులు, టీఎంసీలు అంటే చూసేవాళ్లకి అర్థం కావడం లేదు.

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. ఒక బిందెడు, రెండు బిందెల నీళ్లు అనుకోండి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 5 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 43 టీఎంసీలు అవుతుంది. సోమశిల మొత్తం పట్టేది 78 టీఎంసీలు. అంటే ఖాళీ సోమశిల రెండు రోజులు కాకముందే నిండిపోయే వరద అది. ఈ ఒక్క లెక్క తెర మీద నిదానంగా చూపించి, మిగతా అంకెలన్నీ తీసేయండి.

తప్పు ఎవరిదో చెప్పాలా, లేక ప్రకృతి వైపరీత్యం అని ఊరుకోవాలా?

గాలి ఎవరి తప్పూ కాదు. కట్ట మరమ్మతు, గేట్ల నిర్వహణ, హెచ్చరిక, ఖాళీ చేయించడం, పల్లపు స్థలంలో ఇళ్ల పట్టాలు ఇవ్వడం, ఇవన్నీ మనుషుల నిర్ణయాలు. గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తర్వాత ఇంకొకటి పోయింది. అలాంటివి తేదీలతో, కాగితాలతో చూపించండి. ఆధారం ఉన్నంత మేరకే చెప్పండి, సంబంధిత అధికారికి జవాబు చెప్పే అవకాశం ఇవ్వండి. ఆధారం ఉండి కూడా మెత్తబడి 'విధి' అనేసి వదిలేయడం పోయినవాళ్లకు ద్రోహం.

నిడివి ఎంత ఉండాలి?

ఊళ్లో వేయడానికి నలభై నిమిషాలు దాటకపోతే మంచిది. స్కూళ్ల కోసం ఒక పీరియడ్‌లో అయ్యేలా చిన్న వెర్షన్ చేసుకోండి.

బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టాలా?

మనిషి మాట్లాడేటప్పుడు వద్దు. విషాద రాగం వేసి చూసేవాళ్లను ఏడిపించాల్సిన అవసరం ఈ కథలకు లేదు. సినిమా పాటలు వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ ఇబ్బంది వస్తుంది.

మా వాళ్ల యాస వేరే జిల్లాల వాళ్లకి అర్థం కాదంటున్నారు. డబ్బింగ్ చెప్పించాలా?

యాస మార్చవద్దు. అవసరమైన చోట కింద తెలుగులోనే అక్షరాలు వేయండి, వాళ్లన్న మాటే వేయండి.

## చూపించేటప్పుడు

మొదట ఎక్కడ వేయాలి? ఫెస్టివల్‌కి పంపాలని ఉంది.

పంపండి, కానీ ముందు ఆ ఊళ్లోనే వేయండి. రామాలయం ముందో, చర్చి దగ్గరో, స్కూలు ఆవరణలోనో తెల్లబట్ట కట్టి వేస్తే చాలు. అందరూ రాగలిగే చోటు చూడండి. గుడి ముందు వేస్తే ఏ కాలనీ వాళ్లు రారో ముందే కనుక్కుని, వాళ్ల వీధిలో ఇంకో షో వేయండి. వేట నిషేధం ఉండే వేసవి రోజుల్లో అయితే మత్స్యకారులు ఇళ్ల దగ్గర ఉంటారు. సినిమాలో మాట్లాడినవాళ్లకు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు ముందురోజే ఇంట్లో చూపించండి. నలుగురిలో మొదటిసారి చూసుకోవడం వాళ్లకి కష్టం.

సెన్సార్ సర్టిఫికెట్ కావాలా?

థియేటర్లో వేయాలన్నా, బహిరంగంగా ప్రజలకు చూపించాలన్నా కావాలి. డాక్యుమెంటరీలకూ అదే చట్టం. యూట్యూబ్‌లో పెట్టడానికి అక్కర్లేదు.

చూసినవాళ్లు 'మా నాయన పేరు తప్పు పడింది, మా వదిన పేరు లేదు' అంటున్నారు.

అది విమర్శ కాదు, మీకు దొరికిన సాయం. తెర పక్కన ఒకరిని నోటుపుస్తకంతో కూర్చోబెట్టండి. పేర్లు, కొత్త సంగతులు, ఫోన్ నంబర్లు రాసుకుని సినిమా సరిచేయండి. ఊళ్లో మొదటి షో అయ్యాకే జాబితా పూర్తవుతుంది.

ఎడిటింగ్‌లో తీసేసిన రికార్డింగులు ఏం చేయాలి?

ఒక్క నిమిషం కూడా చెరపకండి. సినిమాలో పడేది రెండు నిమిషాలే అయినా ఆ అవ్వ గంటన్నర మాట్లాడింది. ఫైలు పేరులో ఊరు, మనిషి పేరు, తేదీ రాయండి. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరు ఇళ్లలో ఉంచండి. ఒక కాపీ దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి. పూర్తి రికార్డింగు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆ ఇంటివాళ్లకు కూడా ఇచ్చి రండి.